చిన్నీ, ఆ కొటేషన్‌లో చివరి లైను కొట్టేయించు

చిన్నీ,

నువ్వు పంపిన కంప్యూటర్ కొటేషన్ చూశాను. రైజెన్ 5 7600 ప్రాసెసర్, ఆర్‌టీఎక్స్ 4060 గ్రాఫిక్స్ కార్డు నీ వీడియో ఎడిటింగ్‌కి బాగానే సరిపోతాయి. చివరి లైను దగ్గరే ఆగిపోయాను: ‘క్యాబినెట్, ఎస్‌ఎంపీఎస్‌తో కలిపి’. ఎన్ని వాట్లో లేదు, ఏ కంపెనీదో లేదు. ఎస్‌ఎంపీఎస్ అంటే లోపలి భాగాలన్నిటికీ కరెంటు ఇచ్చే డబ్బా, దాన్ని విడిగా రాసిమ్మను.

దాని మీద పెద్దక్షరాలతో కొట్టిన వాట్లు నమ్మకు. పక్కన స్టిక్కర్ మీద చిన్న పట్టిక ఉంటుంది. అందులో +12 వోల్టుల కింద ఎన్ని ఆంపియర్లో చూసి 12తో గుణించు. 45 ఉంటే 540 వాట్లు, 550 వాట్ల దానికి అది న్యాయమైన లెక్క. పైన 450 అని రాసి, కింద 18 ఆంపియర్లే ఉంటే ప్రాసెసర్‌కీ గ్రాఫిక్స్ కార్డుకీ కలిపి దక్కేది 216 వాట్లే. నీ ప్రాసెసర్ బాగా పని పడ్డప్పుడు 88 వాట్ల దాకా, కార్డు 115 దాకా లాగుతాయి. మిగతా సామాను కలిపినా 300 దాటదు. మంచి 550 చాలు. 850 తీసుకోమని షాపులో ఊదరగొడితే నవ్వేసి ఊరుకో. 80 ప్లస్ బ్రాంజ్ ముద్ర మంచిదే గానీ, అది కరెంటు వృథా ఎంత తక్కువో చెప్పే గుర్తు, లోపలి సరుక్కి హామీ కాదు. నేనైతే ఐదేళ్ల వారంటీ ఉందా అని చూస్తాను.

కేబుళ్ల విషయంలో నేను చేసిన ఘనకార్యం ఒకటి చెప్తా. ఓ కస్టమర్ ఎస్‌ఎంపీఎస్ కాలిపోతే వేరే కంపెనీ మాడ్యులర్‌ది, అంటే కేబుళ్లు విడిగా గుచ్చుకునేది, పెట్టాను. పాత కేబుళ్లు క్యాబినెట్ వెనక నీటుగా కట్టి ఉన్నాయి. మళ్ళీ అవన్నీ ఎవడు పీకుతాడని వాటినే కొత్తదానికి గుచ్చాను. చక్కగా పట్టాయి కూడా! స్విచ్ వేయగానే టప్‌మని చప్పుడు, కాలిన వాసన. హార్డ్ డిస్క్ పోయింది. అందులో వాళ్ళమ్మాయి పెళ్లి ఫొటోలున్నాయి. డిస్కు వైపు కొస అన్ని కంపెనీలకీ ఒకటే, ఎస్‌ఎంపీఎస్ వైపు మాత్రం తీగల వరస ఎవరిది వాళ్ళదే. ఆయన ముందు నిలబడ్డ పది నిమిషాలు ఇప్పటికీ మర్చిపోలేను. ఏ ఎస్‌ఎంపీఎస్‌తో వచ్చిన కేబుళ్లు దానికే వాడు.

మదర్‌బోర్డుకి అంత టెన్షన్ అక్కర్లేదు. నీ ప్రాసెసర్‌కి ఏఎమ్5 సాకెట్ కావాలి, ర్యామ్ డీడీఆర్5 మాత్రమే. అన్నయ్య పాత డీడీఆర్4 ఇస్తానన్నా వద్దను, గాడి చోటే వేరు, దూరదు. ఆ సాకెట్ ఉన్న బీ650 రకం బోర్డు తీసుకో. ప్రాసెసర్ సాకెట్ చుట్టూ వీఆర్‌ఎమ్ (ప్రాసెసర్‌కి కరెంటు సర్దే భాగం) మీద వేడి లాగే అల్యూమినియం దిమ్మెలు ఉన్నాయో లేదో ఫొటోలో చూడు. గంటల తరబడి రెండరింగ్ పెట్టేదానివి, అవి లేని బోర్డు వద్దు. వెనకాల బయోస్ ఫ్లాష్‌బ్యాక్ బటన్ ఉంటే ఇంకో వెయ్యి ఎక్కువైనా ఇవ్వచ్చు. రేపు కొత్త ప్రాసెసర్ వేసుకుంటే బయోస్, అంటే బోర్డు లోపలి ప్రోగ్రామ్, పెన్‌డ్రైవ్‌తోనే అప్‌డేట్ అయిపోతుంది. ర్యామ్ 16 జీబీవి రెండు చాలు. నాలుగు స్లాట్లూ నింపితే డీడీఆర్5 వేగం తగ్గుతుంది.

అన్నట్టు, మీ అద్దె ఇంట్లో మూడో పిన్నుకి ఎర్తింగ్ ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించు. క్యాబినెట్ ముట్టుకుంటే జివ్వుమంటే లేనట్టే.

డబ్బు కట్టే ముందు ఎస్‌ఎంపీఎస్ స్టిక్కర్ ఫొటో వాట్సాప్ చెయ్యి. రాత్రి పదైనా చూస్తాను.

మీ మావయ్య