ముందు నంబరు దొరకాలి

ప్రశ్న: మా నాన్నగారికి మూడు పాత కార్లు ఉండేవి. 1966 మస్టాంగ్, 1967 బీటిల్, 1964 సిరీస్ ల్యాండ్ రోవర్. కార్చిచ్చు వస్తోందని రాత్రికి రాత్రి ఖాళీ చేయమన్నారు. అందరం రోజూ వాడే బండిలో బయటపడ్డాం. షెడ్డు కప్పు ఆ మూడింటి మీదా కూలింది. మస్టాంగ్ పొట్ట నేలకు ఆనించి కూర్చుంది. ల్యాండ్ రోవర్‌కు బాడీయే లేదు. బీటిల్‌కు ఇంజన్ లేదు, ఎవరో ఎత్తుకుపోయారని మా బాబాయి గొడవ. సంతకం పెడితే డబ్బిచ్చి మూడింటినీ తీసుకెళ్తామని ఇన్సూరెన్స్ వాళ్లు అంటున్నారు. వీటిలో ఏదైనా మళ్లీ బండి అవుతుందా? నాన్నగారు ఇంకా అక్కడికి వెళ్లలేదు. ఆయన చూసేలోపే అంతా తీయించి శుభ్రం చేయించమంటోంది అమ్మ. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు

జవాబు: ముందు బాబాయిగారి అనుమానం తీరుద్దాం. ఇంజన్‌ను దొంగలు ఎత్తుకుపోలేదమ్మా, అది కాలిపోయింది. బీటిల్ ఇంజన్ పెట్టెను మెగ్నీషియం మిశ్రమంతో పోత పోశారు. అది 650 డిగ్రీల దగ్గర కరుగుతుంది, అంటుకుందంటే కళ్లు చెదిరే తెల్లటి మంటతో మండుతుంది. నీళ్లు పోస్తే ఇంకా రెచ్చిపోతుంది. 1955లో ల మాన్ రేసులో ప్రమాదానికి గురైన మెర్సిడెస్ బాడీ కూడా మెగ్నీషియం మిశ్రమమే. దాన్ని ఆర్పడానికి పడిన పాట్లు రేసింగ్ చరిత్రలో నిలిచిపోయాయి. మీ బీటిల్ వెనక తెల్లటి పొడి కనబడి ఉండాలి. అందులో చెయ్యి పెట్టకుండా పుల్లతో కదిపి చూడండి. ఉక్కు క్రాంక్‌షాఫ్టు, పోత ఇనుప సిలిండర్లు బయటపడతాయి. వాటిని బాబాయిగారికి చూపించండి.

ఇప్పుడు అసలు సంగతి. కాలిన బండిని చూడగానే అందరూ పోయినవాటిని లెక్కపెడతారు. నేను మాత్రం ముందు నంబరు వెతుకుతాను. కాగితాల్లో ఉన్న బండి, నేల మీదున్న ఇనుము ఒకటేనని చెప్పేది ఛాసిస్ మీద, అంటే బండిని మోసే చట్రం మీద కొట్టిన అంకెలే. రివెట్లు కొట్టిన పలచటి ప్లేట్లు మంటకు నిలవకపోవచ్చు. ఉక్కులోకి దిగగొట్టిన అంకెలు చాలాసార్లు నిలుస్తాయి. బీటిల్‌కైతే వెనక సీటు కింద, నేల మధ్యలో పొడుగ్గా సాగే సొరంగం మీద ఉంటాయి. మస్టాంగ్‌కు బోనెట్ తెరిస్తే డ్రైవరు వైపు లోపలి రేకు అంచు మీద. ల్యాండ్ రోవర్‌కు ఛాసిస్ ముందు భాగంలో చూడండి. మెత్తటి కుంచెతో బూడిద దులిపి, పక్కనుంచి టార్చి వేసి, ఫొటో తీయండి. వైర్ బ్రష్ వద్దు, గ్రైండర్ మాట అసలే వద్దు. అంకె మసగ్గా ఉన్నా ఫరవాలేదు, రసాయనంతో తేల్చేవాళ్లున్నారు. అరగదీశాక వాళ్ల పనీ కష్టమవుతుంది.

ఎక్కడ ఎంత వేడి తగిలిందో కూడా ఆ కుప్పే చెబుతుంది. తలుపు పిడులు, కార్బురేటర్ లాంటి జింకు మిశ్రమపు పోతలు 400 డిగ్రీలకు అటూ ఇటూగా కరుగుతాయి. అల్యూమినియం 660 దగ్గర. వైరింగ్‌లో రాగి తీగలు ముద్ద కట్టాయంటే అక్కడ 1,085 దాటి ఉండవచ్చు. ఉక్కు కరగాలంటే 1,400 పైన కావాలి. కరగలేదు కదా అని సంబరపడకండి. 600 డిగ్రీలకే దాని బలం సగానికి పడిపోతుంది, పలచటి రేకు వంకర్లు తిరుగుతుంది. స్ప్రింగులకు, కమాను పట్టీలకు పదును, అంటే ఉక్కుకు పెట్టిన గట్టిదనం, దిగిపోతుంది. టైర్లు ఎటూ పోయాయి. మస్టాంగ్ అలా చతికిలబడింది అందుకే. ఆ స్ప్రింగులను ఎవరైనా మళ్లీ వాడదామంటే అతన్ని బండి దగ్గరికి రానివ్వకండి. బ్రేకు పైపులు, స్టీరింగు భాగాలు, చక్రాలు కూడా అంతే.

మూడింటిలో చూడ్డానికి ఘోరంగా ఉన్న ల్యాండ్ రోవర్‌కే ఎక్కువ ఆశ ఉంది. యుద్ధం తర్వాత ఉక్కుకు కటకటగా ఉన్న రోజుల్లో రూపం పోసుకున్న బండి కాబట్టి బాడీ చాలావరకు అల్యూమినియం మిశ్రమం. అది మడుగు కట్టి ఉంటుంది. కింద మందపాటి ఉక్కు ఛాసిస్, పోత ఇనుప ఇంజన్ మిగులుతాయి. బాడీ భాగాలు దొరుకుతాయి, ఛాసిస్ కూడా కొత్తది దొరుకుతుంది. చిక్కంతా అక్కడే. అన్నీ కొత్తవి తెచ్చి బిగించాక అది నాన్నగారి బండేనా? 1957 ఫిబ్రవరిలో జాగ్వార్ ఫ్యాక్టరీ తగలబడినప్పుడు ఎక్స్‌కేఎస్‌ఎస్ కార్లు తొమ్మిది పోయాయి. దాదాపు అరవై ఏళ్లకు ఆ కంపెనీయే కూర్చుని ఆ తొమ్మిదింటినీ మళ్లీ కట్టింది, కానీ వాటిని ‘కొనసాగింపు’ కార్లన్నదే గానీ కాలిపోయినవి ఇవేనని బుకాయించలేదు. నాకు ఆ పద్ధతి నచ్చింది. పాత ఛాసిస్ వంకర లేకుండా తిన్నగా ఉండి, కొలతలు కుదిరితే దాని మీదే కట్టండి. కుదరకపోతే కొత్తది కట్టినా కట్టండి, కాగితాల్లో మాత్రం ఉన్నదున్నట్టు రాయించండి.

బీటిల్ బాడీ కింది పళ్లేనికి బోల్టులతో బిగిస్తారు కాబట్టి వేరే బాడీ తెచ్చి కూర్చోబెట్టవచ్చు. అంకెలున్న సొరంగం తిన్నగా ఉంటే చాలు.

మస్టాంగ్ చూడ్డానికి ఇంకా కారులాగే ఉంది కదా, అది చూసి మోసపోవద్దు. దానికి విడిగా ఛాసిస్ లేదు, రేకులన్నీ కలిసి మోసే బండి. ఆ రేకు పదును పోతే టింకరింగ్‌తో తిరిగి రాదు. అచ్చు గుద్దినట్టు కొత్త బాడీలు అమ్ముతారు, నిజమే. పాత బండిలోంచి నంబరున్న ముక్క కోసి కొత్తదానికి అతికిస్తామనేవాళ్లూ తగులుతారు. అది చాలా చోట్ల నేరం. నేరం కాని చోట కూడా నేను ఒప్పుకోను. ఇంజన్ బ్లాకును మాత్రం పారేయకండి. పోత ఇనుము గట్టిది. పగుళ్లు, వంకరలు పరీక్ష చేయించండి. పనికొస్తే దాని ఒంటి మీది పోత అంకెలు మరో మస్టాంగ్‌లో బతుకుతాయి.

ఇన్సూరెన్స్ సంతకం ఆపండి. పాలసీలో విలువ ముందే ఒప్పుకున్నదా, లేక ఇవాళ వాళ్లు కట్టేదా, అది చూడండి. రెండింటికీ చాలా తేడా. తర్వాత, తుక్కును మీరే ఉంచుకుంటే ఎంత తగ్గిస్తారో రాతపూర్వకంగా అడగండి. చాలా చోట్ల అలా ఉంచుకోనిస్తారు. అడగకుండా ఇచ్చేస్తే తుక్కుతోపాటు నంబరూ పోతుంది, ఎప్పుడో ఎవరో అదే నంబరుతో ‘అసలు సిసలు 1966’ అని అమ్ముతారు. అది విని నాన్నగారు రెండోసారి బాధపడతారు.

అమ్మగారి మాట కాదంటున్నందుకు ఏమనుకోకండి. తీయించవద్దు. ఏ ముద్ద ఏ భాగమో చెప్పగలిగింది నాన్నగారొక్కరే, జేసీబీకి తెలియదు. 2018లో కాలిఫోర్నియాలో ఊల్సీ కార్చిచ్చు వచ్చినప్పుడు నార్మన్ టింబ్స్ స్పెషల్ కాలిపోయింది. 1940లలో చేతితో చేసిన కారు, లోకంలో అలాంటిది ఒకటే. అంతటి కారుకే ఆ గతి పట్టింది, జాగ్రత్త తక్కువై ఇలా జరిగిందని ఆయన్ని అనుకోనివ్వకండి. ఆ రాత్రి మీరు మనుషుల్ని తీసుకుని బయటపడ్డారు, అంతే చేయగలిగింది.

వెళ్లేటప్పుడు మాత్రం మంచి మాస్కు, మందపాటి గ్లోవ్స్, పొడుగు చేతుల చొక్కా ఉండాలి. పాత బ్రేకుల్లో, క్లచ్‌లో ఆస్బెస్టాస్ ఉంటుంది, పాత రంగులో సీసం ఉండవచ్చు. కాలిన రబ్బరు సీళ్లు జిగటగా కనిపిస్తే ముట్టుకోవద్దు. పిల్లలు వద్దు. పైపు పెట్టి కడగడమూ వద్దు. రంగు పోయిన ఉక్కు ఒక్క మంచు రాత్రికే ఎర్రబడుతుంది, వైర్ల తొడుగులు కాలిన మసి దానికి తోడు. ఫొటోలు అయ్యాక పొడిగా దులిపి, అంకెల మీద కాస్త నూనె రాసి, గాలి ఆడేలా పైన కప్పు వేయండి.

బీటిల్ సొరంగం మీది అంకెల ఫొటో తీశాక నాకొకటి పంపండి. ల్యాండ్ రోవర్ ఛాసిస్‌కు ముందు మూల నుంచి వెనక మూలకు ఐమూలగా రెండు వైపులా టేపు పట్టి, ఆ రెండు కొలతలూ రాయండి. అవి చూశాక మిగతాది చెబుతాను.