చేపలు లేకుండా రొయ్యలు, నత్తలు, కోరల్స్‌తో చిన్న సాల్ట్‌వాటర్ ట్యాంక్ పెట్టొచ్చా?

పెట్టొచ్చండి, భేషుగ్గా పెట్టొచ్చు. నేను నడిపేది అలాంటిదే, నా ట్యాంకులో ఒక్క చేప కూడా లేదు. 20 లీటర్లది సరిపోతుందా, ముందు ఏం కొనాలి, చేపలు లేకపోతే కోరల్స్‌కి తిండి ఎలా అని మీరు మూడు అడిగారు, నాకు తెలిసినంత వరకు చెప్తాను.

సైజు విషయానికొస్తే 20 లీటర్లలో కుదరదని కాదు గానీ మొదటి ట్యాంక్ అయితే 60 లీటర్లకి తగ్గొద్దంటాను. ఎందుకంటే ఆవిరైపోయేది నీళ్ళే, ఉప్పు అక్కడే ఉండిపోతుంది. 60 లీటర్ల ట్యాంకులో రోజుకి లీటరు చొప్పున ఆవిరై మీరు మూడు రోజులు చూసుకోలేదనుకోండి, 35 పీపీటీ (అంటే కిలో నీళ్ళలో 35 గ్రాములు) ఉన్న ఉప్పు దాదాపు 37కి పోతుంది, అదే 20 లీటర్లలో రోజుకి అరలీటరు పోయినా మూడు రోజుల్లో 38 దగ్గరికి వచ్చేస్తుంది. చేప అయితే తన ఒంట్లో ఉప్పుని మొప్పలతో, కిడ్నీలతో సర్దుకుంటుంది, నత్తకీ స్టార్‌ఫిష్‌కీ కోరల్‌కీ ఆ ఏర్పాటు లేదు, బయట నీళ్ళలో ఉప్పు పెరిగితే వాటి ఒంట్లోనూ పెరిగినట్టే. అందుకే మీ బడ్జెట్ తక్కువైతే ఖరీదైన లైట్ కన్నా ముందు ఆటో టాప్ ఆఫ్ పెట్టండి, నీటిమట్టం తగ్గగానే అదే మంచినీళ్ళు పోస్తుంది. గుర్తుంచుకోండి, ఆవిరైన నీళ్ళ బదులు పోసేది ఉప్పు కలపని నీళ్ళే. ఉప్పు కొలవడానికి రిఫ్రాక్టోమీటర్ తీసుకుని 35 పీపీటీ సొల్యూషన్‌తో అప్పుడప్పుడు కాలిబ్రేట్ చేసుకోండి, అంటే రీడింగ్ సరిచూసుకోండి.

నీళ్ళు ఆర్ఓ డీఐవే వాడండి, అంటే కరిగినవన్నీ ఫిల్టర్‌తో తీసేసినవి, టీడీఎస్ (నీళ్ళలో కరిగిన పదార్థాల లెక్క) సున్నా చూపించాలి. కుళాయి నీళ్ళలో ఫాస్ఫేట్ ఉంటే నాచు పట్టి విసిగిస్తుంది, అది పర్లేదు, కానీ రాగి ఉంటే మాత్రం ఇక్కడ పెద్ద ప్రమాదం, చేపల మందుల్లో వాడే రాగి చేపకి నయం చేస్తుంది గానీ రొయ్యనీ నత్తనీ చంపేస్తుంది. సెకండ్ హ్యాండ్ ట్యాంకో రాళ్ళో కొంటుంటే వాటిలో ఎప్పుడైనా కాపర్ మందు వేశారా అని తప్పకుండా అడగండి, వేశామంటే వదిలెయ్యండి, రాయి రాగిని పీల్చుకుని తర్వాత మెల్లగా వదులుతుంది.

సైక్లింగ్ గురించి, అంటే ప్రాణుల్ని వేసేముందు ట్యాంకులో మంచి బ్యాక్టీరియాని పెంచడం గురించి, అందరూ చెప్తారు కాబట్టి పొట్టిగా చెప్తా. రాళ్ళు, అరగొనైట్ ఇసుక, ఉప్పునీళ్ళు, హీటర్ 25 డిగ్రీలకి పెట్టి, బాటిల్ బ్యాక్టీరియా, కాస్త అమ్మోనియా వేసి ఆగండి. బ్యాక్టీరియా అమ్మోనియాని నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మారుస్తుంది, మామూలుగా 4 నుంచి 6 వారాలు పడుతుంది. వేసిన అమ్మోనియా ఒక్క రోజులో సున్నాకి వచ్చి నైట్రైట్ కూడా సున్నా చూపిస్తే అయినట్టే. ఆ తర్వాత ఇసుక మీదా గ్లాసు మీదా గోధుమరంగు పొరలా వస్తుంది, అది డయాటమ్స్ అనే సూక్ష్మమైన నాచు, భయపడి మందులు పొయ్యొద్దు, మొదటి నత్తలు వెయ్యాల్సిన టైమ్ అదే.

నత్తల్లో నాకు ట్రోకస్ ఇష్టం, వెల్లకిలా పడితే తనంతట తనే తిరగబడుతుంది, ఆస్ట్రేయా (Astraea) జాతి నత్త అలా లేవలేక చచ్చిపోతుంటుంది. హెర్మిట్ క్రాబ్స్ వేస్తే కాస్త పెద్ద సైజు ఖాళీ గుల్లలు కూడా పడెయ్యండి, లేకపోతే గుల్ల కోసం నత్తల్ని చంపుతాయి. వీటి తర్వాత మష్రూమ్ కోరల్, జొయాంథిడ్స్, లెదర్ లాంటి గట్టి పిండాలు. గ్రీన్ స్టార్ పాలిప్స్ చూడ్డానికి పచ్చిక బయలులా ఉంటుంది గానీ ప్రధాన రాయి మీద అస్సలు అంటించొద్దు, విడి రాయి మీద పెట్టి ఇసుకలో దూరంగా ఉంచండి, లేదంటే పక్క కోరల్స్ మీదికి పాకేస్తుంది. రొయ్యలు ఆఖర్న, క్లీనర్ ష్రింప్ అయినా సెక్సీ ష్రింప్ అయినా, సన్న పైపుతో చుక్కలు చుక్కలుగా మీ ట్యాంక్ నీళ్ళు కలుపుతూ గంటసేపు అలవాటు చేసి వదలండి. కొన్నాళ్ళకి ట్యాంకులో రొయ్య చచ్చిపడి ఉన్నట్టు కనిపిస్తే కంగారు పడకండి, చాలాసార్లు అది విడిచిన పెంకే, అసలుది కొత్త పెంకు గట్టిపడేదాకా రాళ్ళ సందుల్లో దాక్కుంటుంది.

ఇక తిండి, మీ ప్రశ్నల్లో నాకు బాగా నచ్చింది ఇదే. మీరు పెట్టబోయే కోరల్స్ ఒంట్లో జూజాంథెల్లే అనే నాచు కణాలుంటాయి, లైట్ తీసుకుని ఆహారం తయారుచేసి కోరల్‌కి ఇస్తాయి, కాబట్టి మెయిన్ భోజనం లైటే. కానీ చేపల్లేని ట్యాంకులో మనుషులు అనుకునేదానికి రివర్స్ సమస్య వస్తుంది, నీళ్ళు మరీ శుభ్రమైపోతాయి. నైట్రేట్, ఫాస్ఫేట్ రెండూ సున్నాకి పడిపోతే కోరల్స్ పాలిపోతాయి, పైగా డైనోఫ్లాజెలేట్స్ అనే జిగురు తీగల్లాంటిది పట్టుకుంటుంది, దాన్ని వదిలించడం మామూలు నాచు వదిలించడం కన్నా చాలా కష్టం. నేను లీటరుకి నైట్రేట్ 2 నుంచి 10 మిల్లీగ్రాములు, ఫాస్ఫేట్ 0.03 నుంచి 0.1 మిల్లీగ్రాముల మధ్య ఉండేలా చూసుకుంటాను, తగ్గుతున్నాయనిపిస్తే రొయ్యలకి ఇంకాస్త మేత వేస్తాను, అదే అందరికీ అందుతుంది. ఇంకో లాభం ఏంటంటే తినే చేప లేదు కాబట్టి కోపెపాడ్స్, యాంఫిపాడ్స్ అనే రొయ్యల్లాంటి బుల్లి జీవులు విపరీతంగా పెరుగుతాయి. లైట్లు ఆరిపోయాక ఎర్ర టార్చ్ వేసి చూడండి, పగలు ఖాళీగా కనిపించిన రాయి మీద ఎన్ని ప్రాణాలు తిరుగుతుంటాయో, చేపలున్న ట్యాంకుల్లో ఇంత కనపడదు, అసలు చేపలు వద్దనుకోవడానికి నాకు ఇదొక్కటి చాలు.

సాఫ్ట్ కోరల్స్ వరకే అయితే వారానికి 10 శాతం నీళ్ళు మార్చడం సరిపోతుంది. రాతి కోరల్స్ మీదికి మనసు పోతే అప్పుడు ఆల్కలినిటీ (నీళ్ళలో కార్బొనేట్ల మోతాదు) టెస్ట్ కిట్ కొనండి, దాని కొలత డీకేహెచ్, 8 నుంచి 9 డీకేహెచ్ మధ్య ఏదో ఒక నంబర్ దగ్గర నిలకడగా ఉంచాలి, ఈ వారం 7, వచ్చే వారం 10 అంటే అవి తట్టుకోలేవు. పువ్వులా కనిపించే ఎనిమోన్ అనే జీవి మాత్రం చిన్న కొత్త ట్యాంకులో వద్దు, నచ్చకపోతే నడిచి వెళ్ళి పంపులో పడుతుంది. సన్ కోరల్, కార్నేషన్ కోరల్ లాంటివి రంగులు చూసి తీసుకోకండి, వాటిలో ఆ నాచు కణాలుండవు, మనం మేత అందించకపోతే ఆకలితో పోతాయి.

జొయాంథిడ్స్ కొంటానంటే ఒక్క మాట, సీరియస్‌గా తీసుకోండి. కొన్నిట్లో, ముఖ్యంగా పాలీథోవా అనే రకంలో, పాలిటాక్సిన్ అనే భయంకరమైన విషం ఉంటుంది. ముట్టుకునేటప్పుడు గ్లవ్స్, కోసేటప్పుడు కళ్ళద్దాలు కూడా పెట్టుకోండి, చేతికి గాయం ఉంటే ఆ పని ఇంకో రోజు చేసుకోండి. అవి పట్టిన రాయిని వేడినీళ్ళలో మరిగించి శుభ్రం చేద్దామని ఎవరు చెప్పినా వినొద్దు, ఆ ఆవిరి పీల్చి ఇంటిల్లిపాదీ ఆస్పత్రి పాలైన సంఘటనలు ఉన్నాయి.