జనాన్ని పిలిచేది ఒకరు, పైపు వేయాల్సింది ఇంకొకరు

"వలస వచ్చేవాళ్లతో దేశం ఆర్థికంగా ఎదుగుతుందంటారు కదా, మరి కెనడాలో ఇళ్లు, ఆసుపత్రులు ఎందుకు చాలడం లేదు?" అని అడిగారు. నేను తిరుపతిలో మంచినీళ్ల విభాగంలో పనిచేసి రిటైరైనవాణ్ని. ఆర్థికశాస్త్రం చదవలేదు గానీ, వంద ఇళ్లకని వేసిన పైపుకు మూడొందల ఇళ్లు తగిలిస్తే ఏమవుతుందో నాకు తెలుసు.

మావాడు కెనడాలో, టొరంటో పక్కనుండే బ్రాంప్టన్‌లో చదివేటప్పుడు నేనూ, మా ఆవిడా చూడ్డానికి పోయాం. వాడుండేది బేస్‌మెంట్‌లో. పైన ఓనర్లు, పంజాబీ కుటుంబం. కింద మావాడితో కలిపి ఏడుగురు పిల్లలు. ఫ్రిజ్ తలుపుకు ఒక కాగితం అంటించి ఉంది, ఎవరు ఏ టైముకు స్నానం చేయాలో పేర్లతో సహా. ఇల్లంతటికీ వేడినీళ్ల ట్యాంకు ఒక్కటే. ఆ సంగతి తెలియక మా ఆవిడ పొద్దున్నే తలస్నానానికి పోయింది. ఓనరమ్మ దడదడా మెట్లు దిగొచ్చింది. మావాడు ఆమెకు సారీలు చెప్పి, నా వైపు తిరిగి "నాయనా, అమ్మ వంతు పదకొండు తర్వాత" అన్నాడు. అలవాటు పోదు కదా, నేను పోయి ట్యాంకు మీద లేబుల్ చదివాను. నూటయాభై లీటర్లు. ఒక కుటుంబానికి సరిపోయే సరుకు. ఓనరమ్మనూ తప్పుపట్టలేం, ఆ బాడుగలొస్తేనే ఆమె ఇంటి లోను కట్టగలదు.

ఆ ఏడుగురూ అక్కడి పిల్లలకన్నా ఎన్నో రెట్లు ఫీజు కడతారు, బాడుగ కడతారు, రాత్రిళ్లు గోడౌన్లలో పనిచేసి పన్నూ కడతారు. అదంతా జీడీపీలో చేరుతుంది. 2023లో కెనడా జనాభా 4 కోట్లు దాటింది. ఆ ఒక్క ఏడాదే 12 లక్షల పైచిలుకు జనం పెరిగారు. మొత్తం జీడీపీ పెరిగింది, తలసరి లెక్క తీస్తే తగ్గింది. వీసాలిచ్చేది ఒట్టావాలో కూర్చున్న కేంద్ర ప్రభుత్వం. ఆసుపత్రులు నడపాల్సింది రాష్ట్రం. నీళ్లు, మురుగు, చెత్త మాత్రం ఊరి నెత్తిన. బ్రాంప్టన్ ఉండే ఒంటారియో రాష్ట్రం 2019లో సొంత పిల్లల ఫీజులు 10 శాతం తగ్గించి, అక్కడితో పెంచకుండా ఆపేసింది. కాలేజీలేమో ఆ లోటంతా మన పిల్లల దగ్గర రాబట్టుకున్నాయి. హాస్టళ్లు మాత్రం ఆ లెక్కన కట్టలేదు.

మన ఊరు ఏమన్నా తక్కువా? 2011 జనగణనలో తిరుపతి 2.87 లక్షలు. 15వ ఆర్థిక సంఘం ఊళ్లకిచ్చిన గ్రాంట్లకు కూడా ఆ పాత లెక్కే చూశారు. రోజూ దర్శనానికొచ్చే 60, 70 వేల మంది, హోటళ్లలో పనిచేసే ఒడిశా కుర్రాళ్లు నీళ్లు తాగరా? కల్యాణి డ్యామ్ అడుగంటిన ఎండాకాలంలో ట్యాంకర్ రాలేదని తిట్లు తినింది మేము. "బయటోళ్లు ఎక్కువైపోయినారు సార్" అని కొందరు అంటే నాకు ఒళ్లు మండేది. పొద్దున నీ టేబుల్ మీద ఇడ్లీ పెట్టింది ఎవరు మరి?

2024 జనవరిలో కెనడా స్టూడెంట్ పర్మిట్లకు పరిమితి పెట్టింది. దాంతో ఫీజుల రాబడి పడిపోయి కాలేజీలు కోర్సులే ఎత్తేశాయి. నన్నడిగితే, ఆ ఫీజులో ఒక వాటా ముందునుంచీ నేరుగా ఊరికి ఇచ్చుంటే ఇంత గొడవ ఉండేది కాదు.

ఇక ఇక్కడి కన్సల్టెన్సీలవాళ్లు. నిన్నటిదాకా కెనడా, ఇప్పుడు జర్మనీ అంటున్నారు. మా తమ్ముడి కూతురి కోసం పోయి, అక్కడ గది దొరుకుతుందా అని అడిగాను. "అవన్నీ పాప వెళ్లాక చూసుకుంటుంది సార్" అన్నాడు. అప్లికేషన్ ఇంకా పెట్టనివ్వలేదు నేను.