కేంద్రకం గడప దాటించే చోట

అమ్మాయీ,

ఫ్లూ వైరస్ మీద నీ వ్యాసం రెండుసార్లు చదివాను. మొదలు బాగుంది. కానీ రెండో పేరాలో "వైరస్ ప్రోటీన్లు కేంద్రకం నుంచి బయటకు వస్తాయి" అని ఒక్క ముక్కలో తేల్చేశావు. అసలు కథ అక్కడే ఉందమ్మా. ఎలా వస్తాయి, ఎవరు తెస్తారు అని చదివేవాళ్లు అడుగుతారు.

ముందు హెచ్‌ఐవీలోని రెవ్ ప్రోటీన్‌ని చూడు. మొత్తం 116 అమైనో ఆమ్లాలు. అక్కర్లేని ముక్కల కత్తిరింపు పూర్తికాని ఆర్‌ఎన్‌ఏని మన కణం కేంద్రకం దాటనివ్వదు. వైరస్‌కి మాత్రం ఆ పూర్తి పొడవుదే బయటకు రావాలి. దాన్ని పట్టుకుని తెచ్చేది రెవ్. దానికి గుర్తింపు కార్డులా పనికొచ్చేది ఒక చిన్న తునక: లూసీన్, ప్రోలీన్, ప్రోలీన్, లూసీన్, గ్లుటామిక్ ఆమ్లం, ఆర్జినీన్, లూసీన్, త్రియోనీన్, లూసీన్. పైకి చదువు, లూసీన్ నాలుగుసార్లు వినిపిస్తుంది. వాటిని పాడుచేస్తే రెవ్ లోపలే చిక్కుకుపోతుంది. ఈ తునక సంగతి 1995లో బయటపడింది. దాన్ని గుర్తుపట్టి మోసే సీఆర్‌ఎం1 అనే ప్రోటీన్ మన కణానిదేనని 1997లో తేలింది.

ఇక్కడ నేనొకసారి బస్సు పోలిక పెట్టి, తర్వాత కొట్టేశాను. బస్సు రెండువైపులా మనుషుల్ని ఎక్కించుకుంటుంది. సీఆర్‌ఎం1 అలా కాదు. కేంద్రకంలో రాన్ అనే చిన్న ప్రోటీన్ జీటీపీ అనే చిన్న శక్తి అణువుతో ఉంటుంది. సరుకు, సీఆర్‌ఎం1, రాన్ ముగ్గురూ కలిస్తేనే పట్టు బిగుస్తుంది. బయటకు రాగానే ఆ జీటీపీ కాస్తా ఒక ఫాస్ఫేట్ పోగొట్టుకుని జీడీపీ అవుతుంది, పట్టు వదులుతుంది, సరుకు దిగిపోతుంది. ప్రయాణం ఒకవైపే సాగడానికి కారణం ఇదే. నీ వ్యాసంలో దీనికి ఎంత చోటైనా ఇవ్వు.

"తెలివైన వైరస్" అన్న మాట మాత్రం తీసెయ్యి. సీఆర్‌ఎం1 రోజూ మన ప్రోటీన్లనూ మోస్తుంది. లెప్టోమైసిన్ బి అనే పదార్థం దాని 528వ స్థానంలోని సిస్టీన్‌కి అతుక్కుని ఆపేస్తుంది, రెవ్ ఆగిపోతుంది. దాంతోపాటు మన కణం పనీ ఆగుతుంది. మందు తయారీలో ఉన్న చిక్కు అదే, అది రాస్తే చదివేవాళ్లకి నిజం అందుతుంది.

ఇక నీ ఫ్లూ. కేంద్రకంలో తయారైన దాని జన్యు ముక్కల్ని బయటకు చేర్చడానికి తోడ్పడే ప్రోటీన్‌ని చాలాకాలం ఎన్‌ఎస్2 అనేవారు, వైరస్ నిర్మాణంలో లేనిది అని అర్థం. ఈ పని చేస్తోందని తెలిశాక, 1998లో ఎన్‌ఈపీ అని పేరు పెట్టారు, అంటే కేంద్రకం నుంచి ఎగుమతి చేసే ప్రోటీన్. నీ వ్యాసం ఈ పేరు మార్పుతోనే మొదలుపెట్టి చూడు. ఆ రెండో పేరా తిరగరాసి నాకు పంపు.