వ్యాక్యూమ్ క్లీనర్‌లో మాడు వాసన: బ్యాటరీ విప్పించకండి

ప్రశ్న: కార్డ్‌లెస్ వ్యాక్యూమ్ క్లీనర్ కొని 20 నెలలైంది. రెండేళ్ల వారంటీ ఉంది. ఏడో నెల నుంచి మాడు వాసన వస్తోంది. సర్వీస్ వాళ్లు రెండుసార్లు వచ్చి ‘దుమ్మండీ’ అని వెళ్లారు. ఇప్పుడు ‘వాడకంలో తప్పు, వారంటీ రాదు’ అంటున్నారు. చాలా మనోవేదన పడ్డాం. బయట బ్యాటరీలో కొత్త సెల్స్ వేయించి ఆ ఖర్చు రాబట్టవచ్చా?

జవాబు: వేయించారో, కేసు అక్కడితో పోయినట్టే. లోపం బయటికి కనిపించనప్పుడు వినియోగదారుల కమిషన్ వస్తువును సీలు వేసి ల్యాబ్‌కు పంపుతుంది (వినియోగదారుల రక్షణ చట్టం 2019, సెక్షన్ 38). విప్పిన బ్యాటరీలో ల్యాబ్‌కు కనిపించేది మెకానిక్ టంకమే. లిథియం సెల్స్‌ను ఇష్టమొచ్చినట్టు అతికిస్తే నిప్పంటుకునే ప్రమాదం వేరే.

తేలాల్సింది ఒక్కటే, వాసన ఎక్కడిది? బ్రష్ రోలర్‌కు జుట్టు చుట్టుకుని బిగుసుకుంటే దాని మోటారు వేడెక్కుతుంది. ఫిల్టర్ మూసుకుపోతే మోటారును చల్లబరిచే గాలి ఆడదు. ఈ రెండూ మీ శుభ్రత కిందికే వస్తాయి, కంపెనీ మాటే నిలుస్తుంది. బ్యాటరీ ఉబ్బినా, పట్టుకోలేనంత కాలినా, ఘాటైన రసాయన వాసన వచ్చినా ఇక ఆన్ చేయొద్దు, ఛార్జింగ్ పెట్టొద్దు. అవేవీ లేకపోతే రోలర్ శుభ్రం చేసి, కడిగిన ఫిల్టర్‌ను 24 గంటలు ఆరబెట్టి, బ్రష్ హెడ్ తీసేసి అర నిమిషం నడపండి. సీరియల్ నంబరు నుంచి మొదలుపెట్టి అంతా ఆపకుండా వీడియో తీయండి. వాసన అప్పుడూ వస్తే ‘వాడకంలో తప్పు’ అనడం వాళ్లకు కష్టం.

రెండుసార్లు మనిషి వస్తే ఒక్క జాబ్ షీట్ (చేసిన పని రాసిచ్చే కాగితం) అయినా తీసుకోలేదా? ఫోన్‌లో చెప్పాం అంటే కమిషన్ దగ్గర చెల్లదు. ఫిర్యాదు నంబర్ల ఎస్సెమ్మెస్‌లు, కాల్ లిస్టు ఇవాళే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి.

కమిషన్‌లో ఫిర్యాదు వేయడానికి గడువు రెండేళ్లు (అదే చట్టం, సెక్షన్ 69). నిరాకరించిన రోజు నుంచి లెక్కించమని వాదించొచ్చుగానీ, ఆ ఆశతో కూర్చోకండి. వాసన మొదలైన ఏడో నెల నుంచి లెక్కేసుకుంటే మీ చేతిలో ఉన్నది 11 నెలలు. మెయిళ్లు నడుస్తున్నంత మాత్రాన గడువు ఆగదు.

వారంటీ ఇంకా నాలుగు నెలలుంది కాబట్టి వెంటనే బిల్లు, తేదీలు, వీడియో జత చేసి మెయిల్ పెట్టండి. 15 రోజుల్లో కదలకపోతే నోటీసు, ఆపై మీరుండే జిల్లా కమిషన్‌లో ఫిర్యాదు. ల్యాబ్ పరీక్ష కావాలని అందులోనే అడగండి. మనోవేదనకు పరిహారం కూడా అక్కడే ఒక పేరాలో రాయండి.

ఈలోగా టెక్నీషియన్ వస్తే ‘సంతృప్తి’ గడి దగ్గర సంతకం పెట్టకండి. ‘వాసన ఇంకా వస్తోంది’ అని మీ చేత్తో రాసి, షీట్ ఫోటో తీసుకున్నాకే పంపండి.