దయ్యం కంటే ముందు రిజిస్టరు రాయి

నెల్లూరు, మూలాపేట

చిరంజీవి మేనల్లుడికి,

మామయ్య ఆశీస్సులు. నువ్వు పంపిన మూడు అధ్యాయాలూ చదివాను. ఉదయగిరి కొండ కింద ఒక విశ్వవిద్యాలయం, దాని గ్రంథాలయం అడుగున తాళం వేసిన గది, అందులో ఎవరూ చదవకూడని తాంత్రిక గ్రంథాలు. ఆలోచన బాగుంది. భయం మాత్రం వేయలేదు. మీ అత్తయ్యకు కూడా చదివి వినిపించాను. అంతా విని, "ఆ గది రోజూ ఊడ్చేది ఎవరంట?" అని అడిగింది. నీ కథకు ఏం కావాలో ఆ ఒక్క మాటలో చెప్పేసింది. నీ గదిలో భూతం ఉంది గానీ అటెండరు లేడు. తాళం ఉంది, తాళంచెవి ఎవరి దగ్గరుంటుందో లేదు. పుస్తకాలున్నాయి, వాటికి నంబర్లు లేవు. నేను ఉద్యోగమంతా గ్రంథాలయాల్లోనే చేశాను కాబట్టి దయ్యాల సంగతి వదిలేసి పుస్తకాల సంగతే చెబుతాను.

ముందుగా ఆ మనిషి చర్మంతో అట్ట వేసిన పుస్తకం తీసేయ్. రక్తంతో రాసిన అక్షరాలు కూడా. అవన్నీ ఇంగ్లీషు సినిమాల సరుకు. మన దగ్గర తాటాకు, గంటం, రెండు చెక్క పలకలు, ఒక దారం. వాటితోనే కావలసినంత పని జరుగుతుంది.

ఇలాంటి కథలకు పెద్ద దిక్కు లవ్‌క్రాఫ్ట్ అనే అమెరికా రచయిత (1890–1937). మసాచుసెట్స్‌లో ఆర్కమ్ అనే లేని ఊరు, ఆ ఊళ్ళో మిస్కటోనిక్ అనే లేని విశ్వవిద్యాలయం, దాని గ్రంథాలయంలో నెక్రోనోమికాన్ అనే లేని పుస్తకం పుట్టించాడు. ఆ పుస్తకంలో ఏముందో పెద్దగా చెప్పడు, అక్కడక్కడా నాలుగు వాక్యాలు వదులుతాడు. దాని చరిత్ర మాత్రం కరణం దస్తావేజు రాసినట్టు రాశాడు. మూలం అరబ్బీలో, 950లో గ్రీకులోకి వచ్చింది, 1228లో లాటిన్‌లోకి, 1232లో పోపు నిషేధించాడు. ప్రతులు ఎక్కడెక్కడున్నాయయ్యా అంటే లేని మిస్కటోనిక్‌తో పాటు, నిజంగా ఉన్న బ్రిటిష్ మ్యూజియం, పారిస్ జాతీయ గ్రంథాలయం, హార్వర్డ్, బ్యూనస్ ఐరిస్ విశ్వవిద్యాలయం. నాలుగు నిజాల పక్కన కూర్చోబెట్టేసరికి అబద్ధానికీ కుర్చీ దొరికింది. ఆయన స్నేహితులు కూడా లేని పుస్తకాలు పుట్టించి ఒకరివి ఒకరు తమ కథల్లో వాడుకున్నారు. నెక్రోనోమికాన్ నిజంగా ఉందా అని అడిగిన పాఠకులకు, అంతా కల్పనే అని ఆయనే చెప్పుకోవలసి వచ్చింది.

ఆయన దగ్గర నేర్చుకో, ఆయన పొరపాటు మాత్రం వదిలేయ్. లాటిన్ అనువాదకుడికి ఆయన పెట్టిన ఓలాస్ వర్మియస్ అనే పేరు గల డెన్మార్క్ పండితుడు నిజంగానే ఉన్నాడు. కానీ ఆయన పుట్టింది 1588లో. 1228లో అనువాదం ఎట్లా చేస్తాడు? నువ్వు కూడా అదే పని చేశావు. బ్రౌన్ దొర 1790లో ఉదయగిరి వచ్చి తాళపత్రాలు సేకరించాడని మూడో అధ్యాయంలో రాశావు. బ్రౌన్ పుట్టిందే 1798లో. నీకు కావలసింది కంపెనీ సర్వేయరు కల్నల్ మెకంజీ (1754–1821). ఊరూరా కైఫీయతులు, అంటే ఆ ఊళ్ళ పాత వృత్తాంతాలు, రాయించిందీ, రాతప్రతులు పోగుచేయించిందీ ఆయనే. ఆయన దగ్గర పనిచేసిన కావలి బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి అన్నదమ్ములు. కావలి వాళ్ళ ఇంటిపేరు, మన కావలి అనుకుని ఊరు కలిపేయకు.

ఇక అసలు పని. నీ గదిలో ఉన్న గ్రంథాలకు కేటలాగు రాయి. కథలో పెట్టడానికి కాదు, నీ కోసం. మద్రాసు ప్రభుత్వ ప్రాచ్య లిఖిత గ్రంథాలయం అచ్చువేసిన వివరణాత్మక కేటలాగులు ఎక్కడైనా దొరికితే మంత్రశాస్త్రం భాగం తీసి చూడు. ప్రతి గ్రంథానికీ ఒకటే వరస. దేని మీద రాశారు, పొడవు వెడల్పు ఎన్ని అంగుళాలు, ఎన్ని పుటలు, పుటకు ఎన్ని పంక్తులు, ఏ లిపి, ఏ స్థితిలో ఉంది, మొదలు ఎట్లా, చివర ఎట్లా, అదే కట్టలో ఇంకా ఏమేం గ్రంథాలున్నాయి. శత్రువును చంపడానికి చేసే హోమం గురించిన పుస్తకమైనా, బల్లి పడితే ఫలితం చెప్పే పుస్తకమైనా అదే గొంతు. ఆ గొంతులోనే నీ భయం దాచు. ఉదాహరణకు ఇట్లా:

"తాటాకు. 16 అంగుళాలు, ఒకటింపావు. 84 పుటలు. పుటకు 6 పంక్తులు. తెలుగు లిపి. శిథిలం. 41వ ఆకు లేదు."

చాలా ఏళ్ళ తర్వాత స్టాక్ వెరిఫికేషన్‌కు వచ్చిన ఇంకో ఆయన అదే ఎంట్రీ పక్కన ఎర్రసిరాతో రాస్తాడు: "41వ ఆకు ఉన్నది. 40వ ఆకు లేదు." ఆయన తర్వాత వచ్చినాయన: "39వ ఆకు లేదు. మిగిలినవి సరి." కింద సంతకం, తేదీ. అక్కడితో ఆపు. లేని ఆకు మొదటి ఆకు వైపు నడుస్తోందని నువ్వు చెప్పొద్దు. వేలు పెట్టి లెక్కబెట్టుకునే పని పాఠకుడికి వదులు.

ఇంకొకటి. నీ గదిలో ఉన్నవన్నీ ఘోరమైన గ్రంథాలే. అట్లా ఉండదు నాయనా. ఇళ్ళల్లో అటక మీద నుంచి దిగే కట్టలు విప్పితే వశీకరణం నాలుగాకులు, ఆ వెనక తేలుమంత్రం, ఆ వెనక పశువుల గాలికుంటుకు మందు, ఆ తర్వాత ఎవరికో అప్పిచ్చిన వడ్ల లెక్క, ఒకే దారానికి గుచ్చి ఉంటాయి. మూడొందల కట్టల్లో రెండొందల తొంభై తొమ్మిది ఇట్లా చప్పగా ఉండనీ. అవి తిరగేసి తిరగేసి నీ కథానాయకుడికి ఆవలింత రావాలి. మూడొందలోది అప్పుడు చేతికివ్వు.

తాళపత్రం చదవడం ఎట్లా ఉంటుందో నువ్వు ఎప్పుడూ చూసినట్టు లేదు. "అక్షరాలు మెరిశాయి" అని రాశావు. పాత ఆకు తీస్తే ఒక్కోసారి అసలేమీ కనపడదు. గంటం గాట్లలో నింపిన మసి ఎప్పుడో రాలిపోయి ఉంటుంది. కిటికీ దగ్గర ఏటవాలుగా పట్టుకుంటే సన్నటి గీతలు తెలుస్తాయి గానీ చదవడం కుదరదు. అప్పుడు దీపపు మసి నూనెలో రంగరించి గుడ్డతో ఆకు మొత్తం పులమాలి. ఆకంతా నల్లబడుతుంది, పాడైపోయిందని కొత్తవాళ్ళు గుండెలు బాదుకుంటారు. తర్వాత పొడి గుడ్డతో మెల్లగా తుడిస్తే పైనున్నది పోతుంది, గాట్లలోది మిగులుతుంది. గుడ్డ జరిగినంత మేరా అక్షరాలు నల్లగా బయటికి వస్తాయి. ఇంతకంటే నీకు ఏ మాయ కావాలి? నీ కుర్రాడు ఎడమచేతి వాటం వాడనుకో, కుడి చివర నుంచి తుడుచుకుంటూ వస్తాడు. వాక్యం ముగింపు ముందు కనపడుతుంది. మొదలు ఇంకా మసి కింద ఉంటుంది. ఆ నిమిషం సాగదియ్యి, రెండు పేజీలు రాసినా నేను విసుక్కోను. వాసన కూడా మర్చిపోకు. పురుగు పట్టకుండా ఆకులకు నిమ్మగడ్డి నూనె రాస్తారు, ఆ ఘాటు చొక్కాకు అంటుకుని ఇంటిదాకా వస్తుంది.

శాపం కావాలని "దీన్ని తెరిచినవాడు నశించుగాక" అని రాసుకున్నావు. అవసరం లేదు. రాతప్రతుల చివర లేఖకులు మామూలుగా రాసుకునే శ్లోకం ఒకటుంది:

తైలాద్రక్షేత్ జలాద్రక్షేత్ రక్షేత్ శిథిలబంధనాత్
మూర్ఖహస్తే న దాతవ్యమేవం వదతి పుస్తకమ్

నూనె నుంచి కాపాడు, నీళ్ళ నుంచి కాపాడు, కట్టు వదులవకుండా కాపాడు, మూర్ఖుడి చేతికి నన్నివ్వొద్దు అని పుస్తకం తనే చెబుతోందట. భారతం కట్టలోనైనా వైద్యం కట్టలోనైనా ఇది ఉండొచ్చు. నీ కుర్రాడు మొదటిసారి చదివి హడలిపోవాలి. పాత పండితుడు నవ్వి, ఒరే ఇది అన్నిట్లో ఉండేదేరా అనాలి. తర్వాత ఆ పండితుడే అద్దాలు సరిచేసుకుని మళ్ళీ చదివితే, ఈ ప్రతిలో నూనె, నీరు, వదులుకట్టుతో పాటు నాలుగోది ఏదో నుంచి కాపాడమని ఉండాలి. సరిగ్గా ఆ మాట మీద పురుగు బెజ్జం.

కాలం కూడా ఇట్లాగే వాడుకో. లేఖకుడు క్రీస్తుశకం వేయడు, సంవత్సరం పేరు వేస్తాడు. "ధాత నామ సంవత్సరం" అని ఉందనుకో. 1876లో వచ్చింది ధాత, మన పెద్దవాళ్ళు ధాత కరువని చెప్పుకునేది అదే. అరవై ఏళ్ళు వెనక్కి వెళితే 1816, అప్పటికి మెకంజీ బతికే ఉన్నాడు. ముందుకొస్తే 1936. మూడింట్లో ఏదో తేలక నీ ప్రొఫెసర్లు కొట్టుకోనీ. 1936 అయితే రాసినవాణ్ణి చూసినవాళ్ళు ఆ ఊళ్ళో ఇంకా ఉండి ఉంటారు గదా.

మంత్రం మాత్రం విప్పి రాయకు. ఆ శాస్త్రమే విప్పి రాయదు. ఆకాశం అంటే హ, అగ్ని అంటే ర, దానికి ఈకారం, పైన నెలవంక అంటే సున్న. అన్నీ కలిపితే హ్రీం. మంత్రోద్ధారం అంటారు దీన్ని. తెలియనివాడికి అది ఏదో సాయంకాలం వర్ణన లాగుంటుంది. నీ గ్రంథం మొత్తం వర్ణన లాగే రాయి, కీలు తెలిసినవాడు ఒక్కడే గదిలో ఉన్నప్పుడు వాడి ముఖం చూపించు.

ఆ గదిలోని పుస్తకాలు ఏ నంబరు కింద ఉన్నాయో నిర్ణయించుకో. విషయాన్ని బట్టి పుస్తకాలకు నంబర్లు వేసే డ్యూయీ పద్ధతిలో ఇలాంటివి 133 కిందికి వస్తాయి. నీ కథలో లైబ్రేరియన్ మద్రాసులో చదువుకున్న పాతకాలపు మనిషైతే రంగనాథన్ పద్ధతి వాడతాడు. రంగనాథన్ 1924లో మద్రాసు విశ్వవిద్యాలయానికి మొదటి లైబ్రేరియన్ అయ్యాడు, ఆయన అయిదు సూత్రాలు 1931లో అచ్చయ్యాయి. మొదటి సూత్రం, పుస్తకాలున్నది వాడుకోవడానికి అని. ఇప్పుడు చూడు, ఆ సూత్రం నోటికొచ్చిన మనిషి జేబులోనే ఆ గది తాళంచెవి ఉంది. ఆయన్ని పట్టించుకోకుండా కుర్రాడి వెంట పడ్డావు. నాకైతే కథ ఆయనదే అనిపించింది.

ఆయన నోరు ఎందుకు విప్పడు అనడానికి నువ్వు "ప్రాచీన ప్రమాణం" అని పెట్టావు. ఎందుకయ్యా అంత దూరం? రిటైరయ్యే ముందు ఛార్జి అప్పగించాలి. రిజిస్టర్లో ఉన్న ప్రతి పుస్తకం బీరువాలో కనపడాలి. లేనిదానికి ఆడిట్ అబ్జెక్షన్ రాస్తారు, రికవరీ అంటారు, పింఛను ఆగుతుంది. ఈ టెన్షన్ ముందు ఏ భూతమూ నిలవదు, మా వాళ్ళెవరినైనా అడుగు. ఆకు నడుస్తోందని పైకి రాస్తే పిచ్చివాడంటారు, రాయకపోతే లోటు తన నెత్తిన పడుతుంది. అందుకే "మిగిలినవి సరి" అని సంతకం పెట్టి, తర్వాతి వాడికి అప్పజెప్పి బయటపడతాడు. ముందున్నాయన చేసిందీ అదే.

ఒక విషయం మాత్రం గట్టిగా చెబుతున్నాను. రెండో అధ్యాయంలో ఊరి చివర గుడిసె ముసలమ్మను చేతబడి చేసేదానిగా పెట్టావు. తీసేయ్. చేతబడి చేసిందన్న అనుమానంతో దిక్కులేని ఆడవాళ్ళను చెట్టుకు కట్టేసి కొట్టిన మనుషులు మన చుట్టూనే ఉన్నారు, నీ కథ వాళ్ళకు వంత పాడకూడదు. దుర్మార్గం కావాలంటే గుప్తనిధుల వాళ్ళను తెచ్చుకో. పాత గుళ్ళు, కోటలు తవ్వేవాళ్ళకు కొదవేముంది? అంజనం వేసి చూపిస్తానని డబ్బు గుంజేవాడు, వాడి వెనక ఇన్నోవాలో వచ్చే పెద్దమనిషి, ఇద్దరికీ ఆ గదిలో పుస్తకం కావాలి. ఉదయగిరి ఇందుకు బాగా కుదురుతుంది. 1514లో కృష్ణదేవరాయలు కోట పట్టుకుని అక్కడి బాలకృష్ణ విగ్రహాన్ని హంపికి తీసుకుపోయాడు. విగ్రహం ఎక్కడికి వెళ్ళిందో చరిత్రలో ఉంది. ఆ గుడి తాళపత్రాలు ఎటుపోయాయన్నది నీ ఇష్టం, అక్కడి నుంచి అల్లుకో.

నాలుగో అధ్యాయం మొదలుపెట్టే ముందు ఒంగోలు నుంచి ఒకరోజు వేటపాలెం వెళ్ళిరా. సారస్వత నికేతనం 1918లో పెట్టిన గ్రంథాలయం. జిల్లాల విభజనలో బాపట్లకు పోయింది గానీ మాకు అలవాటుగా ప్రకాశమే. దయ్యాల కోసం వెళ్ళకు. పాత బీరువా తలుపు ఎట్లా చప్పుడు చేస్తుంది, వందేళ్ళ కాగితం మూల పట్టుకుంటే ఎట్లా విరుగుతుంది, పుస్తకం అడిగితే తెచ్చిచ్చే మనిషి నిన్ను ఎట్లా చూస్తాడు, ఇవి రాసుకో. వీలైతే సీఎస్ పురం దగ్గర భైరవకోన కూడా చూడు. కొండరాయి తొలిచి చేసిన శివాలయాలు, కాపలాకు భైరవుడు. కార్తీకమాసంలో వెళితే జనంలో ఏమీ కనపడదు, మామూలు రోజు చూసుకో.

ఆ అటెండరుకు ఒక పేరు, నాలుగు మాటలు ఇచ్చి, తిరగరాసిన మొదటి అధ్యాయం పంపు. ప్రింటు తీసి పంపు, ఫోనులో చదవడం నా వల్ల కాదు. అక్కయ్యను అడిగానని చెప్పు.

నీ మామయ్య