డిస్కు లేని మెషీన్‌లో నెట్‌వర్క్ కార్డుకు ఏ పేరు పెట్టాలి?

చిరంజీవి అమ్మాయికి మామయ్య ఆశీస్సులు.

ల్యాబ్‌లో డిస్కులు లేని లినక్స్ మెషీన్లు పెడుతున్నారని, ఒక్కోదానికి రెండేసి నెట్‌వర్క్ పోర్టులు ఉన్నాయని రాశావు. అన్నిట్లో కార్డు పేరు ఈత్0 (eth0) అని రాసేస్తే చాలదా అని అడిగావు. చాలదమ్మా. ఈత్0, ఈత్1 అనేవి కెర్నల్‌కు, అంటే లినక్స్ మూల ప్రోగ్రాముకు, కార్డులు కనబడిన వరసలో పడే నంబర్లు. డ్రైవర్లు లోడయ్యే వరస మారితే అవీ తారుమారవుతాయి. మామూలు మెషీన్‌లో అయితే నెట్ పోతుంది, ముందు కూర్చుని సరిచేసుకుంటావు. నీ మెషీన్లకు రూట్ ఫైల్‌సిస్టమే (సిస్టమ్ ఫైళ్లన్నీ ఉండే చోటు) ఎన్‌ఎఫ్‌ఎస్ మీద, అంటే నెట్‌వర్క్‌లోని సర్వర్ నుంచి, వస్తుంది కాబట్టి, కార్డు తప్పితే మెషీనే లేవదు.

2013లో, లినక్స్ సర్వీసులను నడిపే సిస్టమ్‌డీ 197వ వెర్షన్‌తో వచ్చిన పేర్లు కొంత నయం. ఈఎన్‌పీ3ఎస్0 అంటే ఆ కార్డు మదర్‌బోర్డు మీద ఏ పీసీఐ బస్సులో (కార్డులను కలిపే లైను), ఏ స్లాట్‌లో ఉందో తెలుస్తుంది. కానీ నువ్వు ఒకే ఇమేజ్‌ను (సిద్ధం చేసిన సిస్టమ్ నకలును) రకరకాల మోడళ్లకు పంపుతావు. ఒకదానిలో ఈఎన్‌పీ3ఎస్0 అయినది ఇంకోదానిలో ఈఎన్‌ఓ1 అవుతుంది. కొత్తగా ఏదైనా కార్డు గుచ్చితే బస్సు నంబరు మారిపోవచ్చు కూడా.

అందుకని ఇమేజ్‌లో పేరే రాయకు. ఏ కార్డు మీద బూట్ అయిందో మెషీన్‌కు ముందే తెలుసు, ఆ సంగతి కెర్నల్ దాకా చేరేలా చూడు. నెట్‌వర్క్ నుంచి బూట్ చేయించే పీఎక్స్‌ఈలినక్స్ అయితే మెనూ ఫైల్‌లో ఐపీఅపెండ్ 2 అని ఒక్క లైను పెడితే చాలు, కెర్నల్ లైను (బూట్ అయ్యేటప్పుడు కెర్నల్‌కు ఇచ్చే సెట్టింగులు) చివర బూట్‌ఐఎఫ్= అని ఆ కార్డు మ్యాక్ అడ్రస్ (కార్డు సొంత గుర్తింపు నంబరు) వచ్చి చేరుతుంది. మ్యాక్ ముందు కనబడే 01 చూసి కంగారుపడకు, అది ఈథర్‌నెట్ అని చెప్పే గుర్తు. అలాంటిదే ఇంకోటి ఐపీఎక్స్‌ఈ, అది వాడితే ఈ ముక్క స్క్రిప్టులో నువ్వే రాయాలి. డ్రాకట్ అనే సాధనంతో చేసిన ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్ (రూట్ దొరికేదాకా మెమరీలో నడిచే చిన్న సిస్టమ్) దీన్ని చదివి సరైన కార్డునే లేపుతుంది. డెబియన్ అనే లినక్స్ వాళ్ల ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్ కూడా అంతే.

ఏదో మెషీన్‌కు ఖాయమైన పేరే కావాలంటే డ్రాకట్‌లో ఐఎఫ్‌నేమ్= ఉంది, పేరూ మ్యాకూ ఇస్తే సరి. పేరు 15 అక్షరాలు దాటకూడదు, ఈత్ అని మొదలుపెట్టకూడదు. కెర్నల్ కూడా అవే పేర్లు ఇస్తుంది, రెండూ ఢీకొంటాయి.

పేరు మార్చడానికి లింక్ ఫైల్ (సిస్టమ్‌డీకి కార్డు పేరు చెప్పే సెట్టింగ్ ఫైల్) రాస్తే దాన్ని ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్‌లో కూడా పెట్టు. చాలామంది ఇక్కడే గంటలు పోగొట్టుకుంటారు. లేచి పనిచేస్తున్న కార్డుకు పేరు మార్చడానికి పాత కెర్నళ్లు ఒప్పుకోవు. రూట్ మౌంట్ అయ్యేసరికి కార్డు లేచే ఉంటుంది కాబట్టి, ఆ తర్వాత ఆ ఫైల్ చదివి లాభం లేదు. ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్ లేకుండా కెర్నలే ఐపీ=డీహెచ్‌సీపీతో (అడ్రస్‌లు పంచే సర్వర్‌ను అడిగి) అడ్రస్ తెచ్చుకునే చోట కూడా ఇదే కథ: పేర్లు మార్చే యూడెవ్ వచ్చేసరికి కార్డు లేచి ఉంటుంది, ఈత్0 అలాగే మిగిలిపోతుంది.

నెట్‌వర్క్ సర్వీస్ రీస్టార్ట్ చేసినా రూట్ మోస్తున్న కార్డు మాత్రం దిగకూడదు. ఆ సెట్టింగ్ ఇమేజ్‌లోనే పెట్టు. మదర్‌బోర్డు మార్చిన రోజు డీహెచ్‌సీపీ సర్వర్‌లో కొత్త మ్యాక్ ఎక్కించడం మరవకు.

అన్ని మెషీన్లకూ పంపే ముందు ఒకదాన్ని కావాలని రెండో పోర్టు నుంచి బూట్ చేసి చూడు. లేచాక ప్రాక్ కింద సీఎండీలైన్ (/proc/cmdline) ఫైల్‌లో వచ్చిన లైను నాకు పంపు, చూసి చెప్తాను.

— మామయ్య